కండరం కదిలేదెలా? ఆలస్యంగా వచ్చిన ఒక నీలిరంగు కథ

(మా ఊరి తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి పాఠం. మాట్లాడిన తీరునే వీలైనంతవరకు ఉంచాను.)



మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో చదువుకునే రోజుల్లో ఒక సాయంత్రం వంటింటి బల్ల మీద జీవశాస్త్రం పుస్తకం తెరిచి, ఎ.టి.పి. అనే మూడక్షరాల చుట్టూ బాణాలు గీస్తోంది. పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్న నేను కాస్త గర్వంగా, "అది కనిపెట్టినది మన భీమవరం ఆయనే, తెలుసా?" అన్నాను. పిల్ల తల ఎత్తి, "ఎలా కనిపెట్టారు నాన్నా?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారికి నోబెల్ బహుమానం రాలేదని తెలుసు. హార్వర్డ్‌లో పెద్ద ఉద్యోగం ఇవ్వలేదని తెలుసు. అంటే ఆయనకు జరగనివన్నీ నాకు తెలుసు. ఆయన చేసినదేమిటో మాత్రం రెండు వాక్యాలలో చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతో మొదలుపెట్టిన చదువులో తెలుసుకున్నది ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందు అసలు ప్రశ్న. మీరు ఇప్పుడు కారు నడుపుతూ ఈ కార్యక్రమం వింటున్నారనుకోండి. స్టీరింగు తిప్పడానికి మీ చేతి కండరం బిగుసుకుంటుంది, సడలుతుంది. పొద్దున్న తిన్న ఇడ్లీ కడుపులో ఉంది, చేయి స్టీరింగు మీద ఉంది. ఇడ్లీలో ఉన్న శక్తి చేతి కదలికగా ఎలా మారింది? మధ్యలో ఎవరున్నారు?

నూరేళ్ళ కిందట శాస్త్రవేత్తలకు దీనికి ఒక జవాబు ఉండేది. ఇంగ్లండులో 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు కప్ప కండరాలను పరీక్షించి, పనిచేసి అలిసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని చూపించారు. పెరుగు పులిస్తే వచ్చే ఆమ్లమే అది. ఆ తరవాత ఇంగ్లండులో ఏ.వి. హిల్, జర్మనీలో ఆటో మేయర్‌హోఫ్ కండరంలో పుట్టే వేడినీ, ఈ ఆమ్లాన్నీ జాగ్రత్తగా కొలిచారు. 1922 సంవత్సరపు వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానం వీరిద్దరికీ దక్కింది. దాంతో కండరం బిగుసుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమే అన్న మాట స్థిరపడిపోయింది. ఆమ్లం పుడితే కండరం బిగుస్తుంది, ఆమ్లం పోతే సడలుతుంది. చూడ్డానికి చక్కని కథ. చిక్కల్లా ఏమిటంటే ఆ కథ తప్పు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన సుబ్బారావు గారు బోస్టన్‌లో ఓడ దిగారు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకుని వెళ్ళినందుకు ఒక తెల్ల ఆచార్యుడికి కోపం వచ్చిందనీ, అందువల్లే ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న పట్టా ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చిందనీ చెబుతారు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, నెత్తురు పలచబడి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. కొన్నాళ్ళు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పారు. మామగారు పోగుచేసిన డబ్బుతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన భరోసాతో 1920ల తొలినాళ్ళలో ఇక్కడికి వచ్చారు. చదువుకుంటూ రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. ఈ భాగం మనలో చాలామందికి తెలిసిందే కనక ఇక్కడితో ఆపి ప్రయోగశాలలోకి వెళదాం.

హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర సుబ్బారావు గారు చేరారు. అప్పగించిన పని పైకి చాలా చప్పగా ఉంటుంది. నెత్తురులోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో త్వరగా, సరిగ్గా కొలిచే పద్ధతి ఒకటి కావాలి. మన ఒంట్లో భాస్వరం ఎక్కువగా ఎముకల్లో ఉంటుంది. అయితే దాని లవణం, ఫాస్ఫేటు, ప్రతి కణంలోనూ ఉంటుంది. రోగి ఎముకల స్థితి, మూత్రపిండాల స్థితి తెలియాలంటే వైద్యుడికి ఆ లెక్క అవసరం.

వీళ్ళు కనిపెట్టిన పద్ధతి ఇది. పరీక్షించవలసిన ద్రవంలో కొంచెం ఆమ్లం, కొంచెం మాలిబ్డినం లవణం కలుపుతారు. ఫాస్ఫేటు ఉంటే ఆ రెండూ జతకడతాయి. తరవాత మరో రసాయనం చుక్కలు వేస్తే ఆ జంట నీలంగా మారుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన కొలత ఉన్న గొట్టం పక్కన పెట్టి రంగు పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. ఇది 1925లో అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఆ తరవాత ఎన్నో దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడారు. మన దేశంలో వైద్యమో, జీవరసాయనమో చదివిన శ్రోతలు ఎవరైనా ఉంటే ప్రాక్టికల్స్‌లో ఆ నీలిరంగు చూసే ఉంటారు.

నెత్తురుతో బాగానే వచ్చింది. మూత్రంతోనూ బాగానే వచ్చింది. కండరం దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మొరాయించింది. కండరాన్ని నూరి వడగట్టిన రసంలో చుక్కలు వేస్తే, ఠక్కున రావలసిన నీలం కొద్దికొద్దిగా వచ్చింది. నిమిషాలు గడిచే కొద్దీ చిక్కనవుతూ పోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మీరో నేనో అయితే ఏం చేసేవాళ్ళం? రసాయనం పాతబడిందనుకుని కొత్త సీసా తెరిచేవాళ్ళం. లేదా "కండరానికి ఈ పద్ధతి పనికిరాదు" అని ఒక ముక్క రాసి పక్కన పెట్టేవాళ్ళం. వాళ్ళు మాత్రం రంగు ఎందుకు ఆలస్యంగా వస్తోందని అడిగారు. ఫాస్ఫేటు స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటే రంగు వెంటనే రావాలి. ఆలస్యంగా వస్తోందంటే అది ఇంకెవరితోనో చేయి కలిపి ఉంది. ఆమ్లమూ మాలిబ్డినమూ తగిలాక ఆ చేయి మెల్లిగా విడిపోతోంది, విడిపోయినంత మేరకు నీలం కనిపిస్తోంది. అంటే అంతదాకా అందరూ కండరంలో ఉన్న విడి ఫాస్ఫేటు అనుకుని కొలుస్తున్నదాంట్లో చాలా భాగం విడిది కానే కాదు!

మరి ఆ చేయి పట్టుకున్నది ఎవరు? వెతగ్గా వెతగ్గా క్రియేటిన్ అని తేలింది. మాంసం ఉడికించిన నీళ్ళలో ఈ క్రియేటిన్‌ను ఫ్రాన్సులో షెవ్రెయ్ అనే రసాయన శాస్త్రవేత్త 1832లోనే చూశాడు. కండరంలో అంత ఎందుకుందో, అక్కడేం చేస్తోందో దాదాపు నూరేళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. అది ఫాస్ఫేటుతో కలిసి ఫాస్ఫోక్రియేటిన్‌గా ఉంటుందని ఫిస్క్, సుబ్బారావు 1927లో ప్రకటించారు. అంతటితో ఆగలేదు. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో అదిలించి పనిచేయించారు. ఆ పదార్థం తగ్గిపోయింది. కండరానికి విశ్రాంతి ఇచ్చారు. మళ్ళీ తయారైంది. పని చేస్తే ఖర్చు, పడుకుంటే జమ. కండరం ఖాతా పుస్తకం మొదటిసారి తెరుచుకుంది.

అదే కాలంలో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు, ఫిలిప్, గ్రేస్, కప్ప కండరంలో ఇలాంటి అస్థిరమైన ఫాస్ఫేటునే చూసి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అందులో క్రియేటిన్ ఉందని తేల్చినది మాత్రం బోస్టన్ జంట. మూడేళ్ళ తరవాత, 1930లో, డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ అనే ఆయన ఒక విషంతో కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేశాడు. అయినా కండరం బిగుసుకుంది! దానిలోని ఫాస్ఫోక్రియేటిన్ అయిపోయేదాకా పనిచేస్తూనే ఉంది. లాక్టిక్ ఆమ్లం కథ అక్కడితో కూలిపోయింది. ఆ కథకు పెద్దదిక్కయిన హిల్ దొర తానే ఆ మాట ఒప్పుకుని, కండరశాస్త్రంలో విప్లవం వచ్చిందని రాశాడు. శాస్త్రంలో ఇదొక మంచి మర్యాద.

ఇప్పుడు మా అమ్మాయి గీసిన మూడక్షరాల దగ్గరికి వద్దాం. కండరపు రసంలో ఫాస్ఫోక్రియేటిన్ కాక మరో ఫాస్ఫేటు పదార్థం కూడా ఉందని ఫిస్క్, సుబ్బారావు గమనించి, విడదీసి, 1929 అక్టోబరులో ప్రకటించారు. అదే ఎ.టి.పి. ఒక పిడికి మూడు ఫాస్ఫేట్లు వరసగా గుచ్చినట్టుండే అణువు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. అదే సంవత్సరం ఆగస్టులో, అంటే రెండు నెలల ముందే, జర్మనీలో మేయర్‌హోఫ్ దగ్గర పనిచేసే కార్ల్ లోమన్ ఎ.టి.పి. గురించి అచ్చువేశాడు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు అక్కడికి చేరారు. అచ్చులో ముందున్నది లోమన్. "మనవాడు కనిపెడితే తెల్లవాడు కొట్టేశాడు" అని మన సభల్లో వినిపించే మాటకు ఆధారం లేదు. ఇంకో సంగతి, ఎ.టి.పి. కనిపెట్టినందుకు లోమన్‌కీ నోబెల్ రాలేదు, ఫిస్క్‌కీ రాలేదు. ఆ అణువు ఎంత ముఖ్యమో 1929లో ఎవరికీ తెలియదు. ఒంట్లో శక్తి చెలామణీ అంతా దాని మీదుగా జరుగుతుందని ఫ్రిట్జ్ లిప్మన్ 1941లో వివరించాక గాని లోకానికి అర్థం కాలేదు.

ఆ చెలామణీ ఎలాంటిదో మన ఊరి లెక్కలో చెబుతాను. ఎ.టి.పి. అంటే చేతిలో చిల్లర. ఏ పని జరగాలన్నా ఆ చిల్లరే చెల్లుతుంది, వేరేది చెల్లదు. ఫాస్ఫోక్రియేటిన్ అంటే రొంటిని దోపుకున్న నోటు. చిల్లర అయిపోగానే తీసి మార్చుకోవచ్చు. కండరంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం గాదెలోని ధాన్యం. బోలెడంత ఉంటుంది గాని, దించి, కొలిచి, అమ్మి సొమ్ము చేసుకోవడానికి సమయం పడుతుంది. వంద మీటర్ల పరుగు పందెం చూడండి. తుపాకీ పేలగానే కండరంలో ఉన్న చిల్లర రెండు మూడు సెకన్లలో ఖర్చయిపోతుంది. రొంటి నోటు మరికొన్ని సెకన్లు ఆదుకుంటుంది. ఈలోగా గాదె తలుపు తెరుచుకుంటుంది.

చిల్లర నిల్వ ఎంత తక్కువో, తిరిగేది అంత ఎక్కువ. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఎ.టి.పి. కొద్ది గ్రాములే ఉంటుంది, మహా అయితే గుప్పెడు. కాని ఊరికే కూర్చున్న మనిషి కూడా రోజు మొత్తంలో నలభై కిలోల దాకా ఎ.టి.పి. వాడతాడని పాఠ్యపుస్తకాల అంచనా. అదే అణువు రోజుకు వందల సార్లు విరిగి, మళ్ళీ అతుక్కుంటుంది. మనం పీల్చే గాలి, తినే తిండి, ముఖ్యంగా ఈ అతుకు కోసమే.

మరి ఈ చిల్లరతో కండరం కొనేదేమిటి? పల్లెల్లో నూతిలో చేద తోడడం గుర్తుందా? తాడు పట్టుకుని ఒక చేత్తో లాగుతాం. ఇంకా లాగాలంటే ఆ చేయి వదిలి, మరికాస్త ముందు పట్టుకోవాలి. కండరంలో ఆక్టిన్ అనే తాళ్ళు, మయోసిన్ అనే చేతులు ఉంటాయి. మయోసిన్ పట్టుకుని లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ ముందుకు పట్టుకుంటుంది. తాళ్ళు ఒకదాని మీదుగా ఒకటి జారి కండరం పొట్టిదవుతుంది. ఈ జారుడు సంగతి 1954లో రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. విచిత్రం ఏమిటంటే రెండింటిలోనూ హక్స్‌లీ అనే పేరున్నవాడు ఒకడున్నాడు, ఇద్దరికీ చుట్టరికం లేదు.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఒకటుంది. పట్టు వదలాలంటే మయోసిన్‌కు కొత్త ఎ.టి.పి. అణువు వచ్చి తగలాలి. తగలకపోతే పట్టు పట్టుగానే ఉండిపోతుంది. చనిపోయిన మనిషి ఒళ్ళు కొన్ని గంటల్లో కొయ్యబారడం మనం చూస్తాం. చిల్లర అయిపోయింది, చేతులు తాళ్ళ మీదే బిగిసిపోయాయి. అదీ దాని అర్థం. బిగించడానికే కాదు, వదలడానికీ ఖర్చు ఉంది.

సుబ్బారావు గారికి 1930లో హార్వర్డ్ పీహెచ్.డి. వచ్చింది. పదేళ్ళు అక్కడే చిన్న హోదాల్లో ఉండిపోయారు. ఫిస్క్‌తో ఆయన చేసిన పని అంతా అచ్చుకెక్కలేదనీ, వాటిలో కొన్ని పదార్థాలను ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ అదే శాఖలో చదివి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తరవాత చెప్పుకొచ్చారు. అన్యాయం ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉంది. మనం దాన్ని వెతుకుతున్న చోట కాదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. త్వరలోనే అక్కడి పరిశోధనకంతటికీ అధిపతి అయ్యారు. అక్కడ ఆయన పట్టుకున్నది కండరాన్ని కాదు, నెత్తురును. బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనత గురించి 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు పరిశోధించి, ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం దాన్ని నయం చేస్తోందని చెప్పారు. ఆ 'ఏదో' కోసం చాలాచోట్ల వెతికారు. 1941లో టెక్సస్‌లో పాలకూర నుంచి తీసి, ఆకు పేరు మీద ఫోలిక్ ఆమ్లం అన్నారు. సుబ్బారావు గారి బృందం దాన్ని కాలేయం నుంచి విడదీసి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది.

కణం రెండుగా చీలాలంటే లోపలున్న డి.ఎన్.ఏ.కి నకలు కావాలి. ఆ నకలు రాయడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఎముక మజ్జలో క్షణక్షణం లక్షల రక్తకణాలు పుడతాయి కనక, ఇది కొరవడితే ముందు దెబ్బతినేది నెత్తురే. స్ప్రూ రోగుల నెత్తురు పలచబడేది ఇందువల్లే. వాళ్ళకు ఈ మందు పనిచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు, పాతికేళ్ళు దాటాక, ఆయన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది.

దీన్నే తిరగేసి చూశారు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణాలు పుట్టవు కదా, మరి అదుపు తప్పి పుడుతున్న కణాలకు దాన్ని అందకుండా చేస్తే? అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ, పని మాత్రం చేయని నకిలీ పదార్థాలను లెడర్లీలో తయారుచేశారు. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పదహారు మంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కూ, కీళ్ళవాతానికీ ఇవాళ్టికీ ఇస్తున్నారు. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే.

ఈ ప్రకటన వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. ఆయనకు యాభై మూడేళ్ళు. ఇంటి దగ్గర వదిలివచ్చిన భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడనేలేదు. భారతీయులు ఇక్కడ పౌరులు కాలేరని సుప్రీం కోర్టు 1923లో చెప్పింది, 1946లో చట్టం మారింది. ఆయన మాత్రం చివరిదాకా భారతీయుడిగానే ఉండిపోయారు.

1998 నుంచి ఈ దేశంలో గోధుమపిండిలో, బ్రెడ్డులో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేశారు, పుట్టబోయే పిల్లల వెన్నెముకలు సరిగా ఏర్పడాలని. పొద్దున్న మీరు కాల్చుకున్న బ్రెడ్డు ముక్కలో అది ఉండే ఉంటుంది.

ఆ సాయంత్రం జవాబు చెప్పలేకపోయిన నేను, ఓ రెండు వారాల తరవాత మా అమ్మాయిని కూర్చోబెట్టి నీలిరంగు కథంతా చెప్పాను. నోబెల్ ఊసు ఎత్తలేదు. అంతా విని, "అంటే నాన్నా, లెక్క తేడా వస్తే చెరిపేయకుండా చూశారన్నమాట" అంది. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఎ.టి.పి. దగ్గరికి వచ్చినప్పుడు, ఈ కథ మీరూ చెప్పండి.

మళ్ళీ కలుసుకుందాం. సెలవు.